ముందొచ్చిన చెవులు, వెనకొచ్చిన కొమ్ములు





సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు విడిచాడు? ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి భయపడి పోయాడన్న కథను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో ఆయన వేరే కారణం చెప్పారు. రోహిణి నది నీళ్ల దగ్గర శాక్యులకూ కోలియులకూ తగాదా వచ్చింది. శాక్య సంఘం యుద్ధానికి లేచింది. సిద్ధార్థుడు మాత్రం ఇంకో దారి చూపించాడు. మన వైపు నుంచి ఇద్దరు, వాళ్ల వైపు నుంచి ఇద్దరు, ఆ నలుగురూ కలిసి ఎన్నుకున్న అయిదో మనిషి, ఈ అయిదుగురూ కూర్చుని తేల్చాలి అన్నాడు. ఓట్లు వేస్తే ఓడిపోయాడు. ఊరు విడవాల్సి వచ్చింది.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకొక ప్రశ్న మిగిలిపోతుంది. ఒకవేళ సంఘం సరేనని ఉంటే? అయిదుగురూ కూర్చుని తీర్పు చెప్పి, ఆ తీర్పు మనకే నష్టం అయితే? అప్పుడేం చెయ్యాలి? మాట మీద నిలబడాలా? మనోళ్లు ఎక్కువమంది ఉన్నారు కదా అని ఓటేసి ఆ తీర్పును అవతల పారెయ్యాలా?

సరిగ్గా ఇట్లాంటిది ఈ మధ్య కాలంలోనే అమెరికాలో జరిగింది. తగాదా నీళ్ల గురించి కాదు, విమానాలు నడిపే పైలట్ల సీనియారిటీ గురించి. పెద్ద జీతగాళ్ల గొడవ మనకెందుకు అనుకోకండి. చివరిదాకా చదివితే అది మన గొడవేనని తెలుస్తుంది.

ఒక అంకె మీద ఒక జీవితం

అమెరికా విమాన కంపెనీల్లో పైలట్‌కు ఉద్యోగంలో చేరిన రోజే ఒక సీనియారిటీ నంబరు వస్తుంది. పెద్ద విమానం నడపాలా చిన్నది నడపాలా, కెప్టెన్ సీటా పక్క సీటా, ఏ ఊరు నుంచి డ్యూటీ, పండక్కి సెలవు దొరుకుతుందా లేదా, అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. పెద్ద విమానానికి జీతం ఎక్కువ. కంపెనీ నష్టాల్లో పడి మనుషుల్ని ఇంటికి పంపితే జాబితా అడుగు నుంచి పంపుతుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న కెప్టెన్ అయినా వేరే కంపెనీలో చేరితే అక్కడ అందరికన్నా కింది నంబరే. మన దగ్గర రైతుకు పాసుపుస్తకం ఎంతో, వాళ్లకు ఆ నంబరు అంత.

మరి రెండు కంపెనీలు ఒకటైతే? రెండు జాబితాలను ఒకటి చెయ్యాలి. ఎవరు ఎవరికి పైన?

2005 సెప్టెంబరులో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ అనే రెండు కంపెనీలు కలిశాయి. పేరు యూఎస్ ఎయిర్‌వేస్‌దే ఉంచారు. పాత యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లను ‘ఈస్ట్’ అనీ, అమెరికా వెస్ట్ పైలట్లను ‘వెస్ట్’ అనీ పిలిచారు. ఈస్ట్ వాళ్లు చాలా ఎక్కువమంది, వయసులోనూ సర్వీసులోనూ పెద్దవాళ్లు. వెస్ట్ వాళ్లు తక్కువమంది, కుర్రవాళ్లు.

ఈస్ట్ వాళ్లు అప్పటికే బాగా దెబ్బతిని ఉన్నారు. వాళ్ల కంపెనీ 2002లో ఒకసారి, 2004లో మరోసారి దివాలా కోర్టుకు ఎక్కింది. జీతాలు కోసేశారు. 2003లో పైలట్ల పెన్షన్ పథకాన్నే రద్దు చేశారు. ప్రభుత్వ పెన్షన్ బీమా సంస్థ దాన్ని తీసుకుంది కానీ ఆ సంస్థ ఇచ్చేదానికి ఒక పరిమితి ఉంది. 65 ఏళ్లకు దిగినవాడికి ఆ పరిమితి పూర్తిగా వర్తిస్తుంది, అంతకంటే ముందు దిగితే తగ్గుతుంది. పైలట్లేమో అప్పటి చట్టం ప్రకారం 60కే దిగిపోవాలి! 2009 జనవరిలో ఇంజన్లు ఆగిపోయిన విమానాన్ని న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దించి అందులో ఉన్న 155 మంది ప్రాణాలనూ కాపాడిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ ఈ కంపెనీ పైలటే. ఆ తర్వాత అమెరికా పార్లమెంటు సభ్యుల ముందు కూర్చుని ఆయన చెప్పింది కూడా ఇదే. తన జీతం నలభై శాతం పోయిందనీ, పెన్షన్ పోయి దాని బదులు చిల్లర మిగిలిందనీ చెప్పాడు. అంతటి మనిషి గతే అది. కాబట్టి ఈస్ట్ వాళ్ల గాయం అబద్ధం కాదు.

ఇద్దరి మాటా విందాం

అప్పటికి రెండు వైపుల పైలట్లదీ ఒకే యూనియన్. ఆ యూనియన్ నిబంధన స్పష్టంగా ఉంది. ముందు మాట్లాడుకోవాలి, కుదరకపోతే మధ్యవర్తిత్వం, ఆ మధ్యవర్తి తీర్పు అంతిమం, అందరూ కట్టుబడాలి.

ఈస్ట్ వాళ్లు ఇట్లా అన్నారు: “ఎవరు ఎప్పుడు చేరారో ఆ తేదీ చూడండి. ఏళ్లు ఎక్కడైనా ఏళ్లే. మాలో ఇంకా పక్క సీట్లో ఉన్నవాడికే పదహారు, పదిహేడేళ్ల సర్వీసు ఉంది. పెన్షన్ పోయింది, జీతం పోయింది, మిగిలింది ఈ ఏళ్లే. నిన్నగాక మొన్న చేరినవాణ్ణి మా పక్కన కూర్చోబెడతారా?”

వెస్ట్ వాళ్లు ఇట్లా అన్నారు: “మీ కంపెనీ మునిగిపోతుంటే ఈ కలయిక వల్ల గట్టెక్కింది. మీ వాళ్లు దాదాపు 1,700 మంది అప్పటికే పనిలేక ఇంట్లో ఉన్నారు. తేదీ ఒక్కటే చూస్తే మా కెప్టెన్లు సీటు దిగి పక్క సీట్లోకి పోతారు, మా కుర్రాళ్లు రోడ్డున పడతారు. ఎవరు ఏ సీటుతో వచ్చారో ఆ నిష్పత్తిలో కలపండి.”

చూడండి, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మన సామెత కూడా ఈ గొడవ గురించే పుట్టినట్టుంది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటాం. చెవులకు బాధ ఉంటుంది. కానీ కొమ్ములు చేసిన నేరం ఏంటి? వెనక రావడమేనా?

2007 మేలో మధ్యవర్తి జార్జ్ నికోలావ్ తీర్పు ఇచ్చాడు. పెద్ద విమానాలు ఈస్ట్ వాళ్లవే కాబట్టి వాళ్లలో 517 మందిని అన్నిటికన్నా పైన పెట్టాడు. కలయిక నాటికి ఉద్యోగం లేక ఇంట్లో ఉన్నవాళ్లను అడుగున పెట్టాడు. మధ్యలో వాళ్లను నిష్పత్తి ప్రకారం కలిపాడు. దాంతో పదిహేడేళ్ల సర్వీసు ఉన్న ఈస్ట్ పైలట్, కొన్ని నెలల కిందట చేరిన వెస్ట్ పైలట్ ఇంచుమించు ఒకే మెట్టు మీదికి వచ్చారు.

ఈస్ట్ వాళ్లు భగ్గుమన్నారు. వాళ్లు ఎక్కువమంది కదా, కొత్త యూనియన్ పెట్టారు. 2008లో ఎన్నిక గెలిచి పాత యూనియన్‌ను బయటికి పంపారు. చేరిన తేదీయే ఆధారం అని కొత్త యూనియన్ నియమావళిలోనే రాసుకున్నారు. తీర్పును పక్కన పడేశారు.

ఫలితం? ఒకే జాబితా లేక ఒకే జీతాల ఒప్పందం కుదరలేదు. ఒకే కంపెనీ, ఒకే రంగు విమానాలు, కానీ ఏళ్ల తరబడి రెండు గుంపులూ వేరువేరుగా ఎగిరాయి. ఈస్ట్ వాళ్లు దివాలా నాటి కోత జీతం మీదే ఉండిపోయారు. వెస్ట్ వాళ్లు కోర్టుకెక్కారు. 2009లో జ్యూరీ వాళ్ల వైపు చెప్పింది. 2010లో పై కోర్టు, ఇంకా ఒప్పందమే కాలేదు కాబట్టి కేసుకు సమయం రాలేదని కొట్టేసింది. 2013 చివర్లో ఈ కంపెనీ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసింది. 2015లో అదే పై కోర్టు, ఆ యూనియన్ తన సభ్యులందరికీ న్యాయంగా ప్రాతినిధ్యం వహించే బాధ్యతను తప్పిందని తేల్చింది. 2016లో మళ్లీ ఒక మధ్యవర్తి మండలే కూర్చుని అందరికీ కలిపి జాబితా ఇచ్చింది. పదకొండేళ్లు తిరిగి తిరిగి మొదటి మెట్టు దగ్గరికే వచ్చారు! ఈలోపు చాలామంది రిటైరైపోయారు. ఎవరి గెలుపు కోసం కొట్టుకున్నారో ఆ గెలుపు చూడకుండానే.

నల్ల కార్మికుడు గెలిచిన న్యాయం

ఇక్కడొక విషయం మనవాళ్లందరికీ తెలియాలి. వెస్ట్ పైలట్లను కాపాడిన ఆ ‘న్యాయమైన ప్రాతినిధ్యం’ అనే సూత్రం ఎక్కడ పుట్టింది? రైలు ఇంజన్లలో బొగ్గు వేసిన నల్లజాతి కార్మికుల చెమటలో పుట్టింది. అమెరికా దక్షిణాదిలో ఒక రైల్వేలో ఫైర్‌మెన్ యూనియన్ తెల్లవాళ్లది. నల్లవాళ్లను సభ్యులుగా చేర్చుకోదు. కానీ చట్టం ప్రకారం అందరి తరఫునా కంపెనీతో మాట్లాడేది అదే. ఆ యూనియన్ 1941లో కంపెనీతో ఒప్పందం చేసుకుని నల్లవాళ్లను మంచి డ్యూటీల నుంచి తప్పించింది. స్టీల్ అనే నల్ల ఫైర్‌మన్‌ను దించి, అతనికన్నా జూనియర్లైన తెల్లవాళ్లను ఆ డ్యూటీలో పెట్టారు. అతను కోర్టుకెక్కాడు. 1944లో అమెరికా సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది: అందరి తరఫునా మాట్లాడే అధికారం తీసుకున్న యూనియన్, తనలోని తక్కువమందిని కూడా న్యాయంగా చూడాలి.

నల్ల ఫైర్‌మన్‌కు సీనియారిటీ కవచమైంది. ఈస్ట్ పైలట్ల చేతిలో అదే సీనియారిటీ కర్ర అయింది. వస్తువు ఒకటే. పట్టుకున్న చెయ్యి, దాని వెనక ఉన్న మనసు వేరు.

బాబాసాహెబ్‌కు ఈ సంగతి అనుభవంలో తెలుసు. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత ఖాతాలో కూలి ఎక్కువ. అక్కడ దారాన్ని నోటితో తడపాలి కాబట్టి అంటరానివాళ్లను రానివ్వలేదు. సమ్మె రోజుల్లో కార్మిక ఐక్యత అన్న నాయకులను ఆయన ఈ సంగతి తేల్చమని నిలదీశారు. 1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో బ్రాహ్మణీయం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుడికి శత్రువులే అని చెప్పారు. న్యాయం లేని ఐక్యత అంటే పైనున్నవాడి సుఖమే అని ఆయన మనకు నేర్పింది.

సీనియారిటీ గురించి బుద్ధుడు

మరి సీనియారిటీ అన్నదే తప్పా? కాదు. సంఘంలో బుద్ధుడే దాన్ని పెట్టాడు. ఒకసారి కొందరు భిక్ఖువుల శిష్యులు ముందు ఉరికి బసలన్నీ పట్టేసుకున్నారు. వెనక వచ్చిన సారిపుత్తుడికి చోటు లేక రాత్రంతా చెట్టు కింద కూర్చున్నాడు. బుద్ధుడు సంఘాన్ని పిలిచి అడిగాడు: మొదటి ఆసనం, మొదటి నీళ్లు, మొదటి భిక్ష ఎవరికి తగును? కొందరు క్షత్రియ కులం నుంచి వచ్చినవాడికి అన్నారు, కొందరు బ్రాహ్మణ కులం నుంచి వచ్చినవాడికి అన్నారు. బుద్ధుడు ఇవేవీ ఒప్పుకోలేదు. ఒక కథ చెప్పాడు.

ఒక మర్రిచెట్టు దగ్గర కౌజుపిట్ట, కోతి, ఏనుగు ఉండేవి. మనలో పెద్దెవరు అని మాట వచ్చింది. నా చిన్నప్పుడు ఈ చెట్టు నా పొట్టకు తగిలేంత ఉండేది అంది ఏనుగు. నేను నేల మీద కూర్చుని దీని చిగురు తిన్నాను అంది కోతి. నేను ఎక్కడో పండు తిని ఇక్కడ విత్తనం వేస్తే ఈ చెట్టు మొలిచింది అంది కౌజుపిట్ట. అన్నిటికన్నా చిన్న ప్రాణికి మిగతా రెండూ మర్యాద ఇచ్చాయి.

కులం ఎక్కువా, ఒళ్లు ఎక్కువా అని కాకుండా, ఎవరు ముందు వచ్చారు అని అడగడం ఆనాటికి ఎంత పెద్ద మాటో ఆలోచించండి. అందుకే శాక్య రాకుమారులు తమకన్నా ముందు మంగలి ఉపాలికి దీక్ష ఇమ్మని అడిగారు. తమ గర్వం అణగాలని, ముందు అతనికి మొక్కాలని. పుట్టుకను పడగొట్టడానికి పుట్టిన నియమం సీనియారిటీ. యజమాని ఇష్టం వచ్చినవాణ్ణి పైకెక్కించకుండా కార్మికులు దాన్ని పట్టుకున్నదీ అందుకే.

కానీ ఆ కథలో ఇంకొకటి గమనించండి. పెద్దరికం తేలాక కౌజుపిట్ట ఏనుగును నీడలోంచి వెళ్లగొట్టలేదు. మర్యాద వరుసలో ఉంది, నీడ మాత్రం ముగ్గురిదీ. నాకు ఈ కథలో ధమ్మం కనిపించేది ఇక్కడే.

ఈస్ట్ వాళ్లకు తప్పిపోయింది ఈ గీతే. వాళ్ల పెన్షన్ తీసేసింది వెస్ట్ పైలట్లు కాదు. దివాలా కాగితాలు పెట్టిన కంపెనీ, దాన్ని ఒప్పుకున్న కోర్టు. వాళ్లు అందనంత ఎత్తులో ఉన్నారు. పక్కనున్నవాడు చేతికి అందుతాడు. పైవాడు చేసిన నష్టాన్ని పక్కవాడి దగ్గర రాబట్టుకోవాలనుకున్నారు. వేదన నుంచి తృష్ణ, తృష్ణ నుంచి ఉపాదానం అని బుద్ధుడు చెప్పిన వరుస ఇదే. దెబ్బ తగిలింది, పోయింది కావాలనిపించింది, చివరికి ఒక అంకెను గట్టిగా పట్టుకున్నారు. ఆ పట్టు వల్ల పోయిన పెన్షన్ తిరిగి రాలేదు, రావాల్సిన జీతం కూడా రాలేదు. నిచ్చెనమెట్ల వ్యవస్థ నిలబడేదీ ఇట్లాగే. పైవాడు తన్నిన బాధ కన్నా కిందివాడు తనతో సమానమవుతాడన్న భయమే ఎక్కువగా ఉంటుంది. ఆ భయం ఉన్నంతకాలం నిచ్చెనకు వేరే కాపలా అక్కర్లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. తీర్పు నిజంగానే తప్పైతే? తలవంచాలా? పూనా ఒడంబడిక మీద సంతకం పెట్టిన బాబాసాహెబ్ తర్వాత దాన్ని విమర్శించలేదా? విమర్శించారు. కానీ ఆ సంతకం ఒక మనిషి ప్రాణాన్ని అడ్డం పెట్టి రాబట్టింది. ఇష్టంతో ఒప్పుకుని, ఇద్దరూ ఎంచుకున్న మధ్యవర్తి దగ్గరికి పోయి, ఫలితం చూశాక మాట మార్చడం వేరు. తప్పు తీర్పును ఎదిరించొచ్చు. మళ్లీ మాట్లాడదాం, ఇదిగో ఈ నష్టం సర్దండి, బదులు మేమిది వదులుకుంటాం అనొచ్చు. మేం ఎక్కువమందిమి కాబట్టి మీ హక్కు చెల్లదు అనడం మాత్రం కుదరదు. ఓట్ల లెక్క న్యాయం కాదని మనకన్నా ఎవరికి తెలుసు? సిద్ధార్థుడు ఓడింది కూడా ఓట్లలోనే.

మన ఇంటి సంగతి

మన దేశంలోనూ ఇదే జరిగింది. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి. 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు పైలట్లు మాకూ సమాన జీతం కావాలని సమ్మె చేశారు. 2012లో ఎయిర్ ఇండియా వైపు పైలట్లు, కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ అవతలివాళ్లకు కూడా ఇవ్వొద్దని 58 రోజులు పని మానేశారు. ఒకే సంస్థ, రెండు సంఘాలు. ఒకరి సమ్మెకు ఇంకొకరు కదలలేదు. 2022లో సంస్థ టాటాల చేతికి పోయింది.

మన ఉద్యోగులకు సీనియారిటీ జాబితా అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. రిజర్వేషన్‌లో ముందు ప్రమోషన్ వచ్చినా, వెనక వచ్చిన జనరల్ ఉద్యోగి మళ్లీ పైకెక్కుతాడని 1995లో, 1999లో సుప్రీంకోర్టు తీర్పులు వచ్చాయి. దాన్ని సరిచెయ్యడానికి 2001లో 85వ రాజ్యాంగ సవరణ తేవాల్సి వచ్చింది. సీనియారిటీని మన మీద ఎట్లా వాడతారో మనం చూశాం. కాబట్టి మనం దాన్ని ఎవరి మీదా అట్లా వాడకూడదు.

కానీ వాడుతున్నాం. నా సంగతే చెప్తాను. కొన్నేళ్ల కిందట మా విహారంలో కమిటీ ఎన్నిక వచ్చింది. మా కుటుంబం ముందు దీక్ష తీసుకుంది. కొత్తగా దీక్ష తీసుకున్న కుటుంబాలు పక్క వాడ నుంచి వచ్చాయి, మనలోనే ఇంకో కులం నుంచి. వాళ్లు కమిటీలో రెండు చోట్లు అడిగారు. నేను లేచి, ఈ ఇటుకలు మోసింది మేము, మీరు నిన్న వచ్చారు అన్నాను. వెనక చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను చూసి అంది: “ముందొచ్చినోళ్లకి దుఃఖం ముందు పోద్దా బాబూ?” ఎవరూ నవ్వలేదు. నేను కూర్చున్నాను. ఆ రోజు నాకు సమాధానం దొరకలేదు, ఇప్పుడూ లేదు.

వర్గీకరణ గురించి మన మధ్య ముప్పై ఏళ్లుగా నడిచిన మాటలు గుర్తు తెచ్చుకోండి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు రాష్ట్రాలు వర్గీకరణ చెయ్యొచ్చని చెప్పింది. దాని లెక్కల మీద, పద్ధతి మీద ఎవరి వాదన వాళ్లకు ఉండొచ్చు, వాదించుకోవాలి కూడా. కానీ మనసులో ఒక్కటి అడుగుదాం. పైవాడు మనందరి దగ్గరా లాక్కున్నదాన్ని పైవాడి దగ్గర అడుగుతున్నామా, పక్కవాడి కంచంలో వెతుకుతున్నామా? ఐక్యత అనే మాటను న్యాయం చెయ్యడానికి వాడుతున్నామా, న్యాయం అడిగినవాడి నోరు మూయించడానికా?

మానం మూడు రకాలని ధమ్మం చెప్తుంది. నేను ఎక్కువ, నేను సమానం, నేను తక్కువ అని కొలుచుకోవడం. మూడింటిలోనూ కొలబద్ద నేనే. 22 ప్రతిజ్ఞలు తీసుకున్న రోజు మనుషులంతా సమానమని ఒప్పుకున్నాం. ఆ ప్రతిజ్ఞ ముందు తీసుకున్నవాడికి బరువు ఎక్కువ ఉంటుందే తప్ప హక్కు ఎక్కువ ఉండదు.

రోహిణి కథకు ఒక ముగింపు ఉంది. సిద్ధార్థుడు వెళ్లిపోయాక శాక్యులూ కోలియులూ యుద్ధం మానుకున్నారనీ, నీళ్ల తగాదాలు తేల్చడానికి శాశ్వత మధ్యవర్తి మండలి పెట్టుకున్నారనీ బాబాసాహెబ్ రాశారు. ఓటులో ఓడిన మాటే చివరికి నిలిచింది. ఆ వార్త విని కూడా సిద్ధార్థుడు వెనక్కి రాలేదు. దేశాల మధ్య యుద్ధం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, వర్గాల మధ్య సంఘర్షణ మాత్రం రోజూ ఉంటుంది, దానికి మందు వెతకాలి అనుకున్నాడు.

ఆ మందులో మన వంతు చిన్నదే. ఈ ఆదివారం వందన అయ్యాక, మీ విహారంలో అందరికన్నా వెనక చేరిన కుటుంబాన్ని ముందు వరుసలో కూర్చోమనండి. మీరు వెళ్లి వెనక చాప మీద కూర్చోండి. మర్రిచెట్టు నీడ అక్కడిదాకా వస్తుందో లేదో చూడండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!